పచ్చిక పాడవకుండా మెటల్ డిటెక్టింగ్ ఎలా చేయాలి?

పొలాల్లో డిటెక్టర్‌తో పాత నాణేలు, లోహపు వస్తువులు వెతకడమే మెటల్ డిటెక్టింగ్. ఇంగ్లండ్‌లో ఈ హాబీ మొదలుపెట్టే మనవాళ్లు డిటెక్టర్ ఎంపిక మీదే నెలలు గడుపుతారు. అంత అవసరం లేదు. మామూలు వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) డిటెక్టర్, పిన్‌పాయింటర్ (గుంటలో వస్తువు ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్), పదునైన చిన్న పార, ప్లాస్టిక్ పట్టా, హెడ్‌ఫోన్స్ చాలు. హెడ్‌ఫోన్స్ లేకుండా మాత్రం పొలంలో దిగకూడదు. లోతులో ఉన్న నాణెం సన్నగా పలుకుతుంది, గాలి హోరులో అది వినపడదు.

పొలం యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి, దొరికినదాంట్లో ఎవరి వాటా ఎంతో కూడా అందులోనే రాయించండి. షెడ్యూల్డ్ మాన్యుమెంట్ (చట్టం రక్షించే పురాతన స్థలం) ఉన్న చోట ప్రభుత్వ అనుమతి లేకుండా డిటెక్టర్ వాడడమే నేరం.

కాయిల్‌ను, అంటే డిటెక్టర్ కింది పళ్లేన్ని, నేలకు దగ్గరగా, నెమ్మదిగా తిప్పండి. డిస్క్రిమినేషన్, అంటే పనికిరాని లోహాల సిగ్నల్‌ను వడకట్టే సెట్టింగ్, పెంచొద్దు. డ్రింక్ క్యాన్ రింగుకీ సన్నటి బంగారు ఉంగరానికీ డిటెక్టర్ తెర మీద చాలాసార్లు ఒకే నంబరు వస్తుంది. రింగులు తవ్వే ఓపిక లేకపోతే ఉంగరమూ దొరకదు.

ఇక తవ్వడం. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. సిగ్నల్ రాగానే పార దింపేస్తారు. నాణెం గీరుకుపోతుంది, గడ్డి ఎండిపోతుంది, రైతు ఇంకెవరినీ రానివ్వడు.

ముందు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి తిప్పి వస్తువు సరిగ్గా ఎక్కడుందో తేల్చుకోండి. ఆ చోటికి కనీసం జానెడు దూరంలో పార పెట్టి, గుర్రపు నాడా ఆకారంలో మూడు వైపులే కోయండి. నాలుగో వైపు కోయకూడదు. అది తలుపు బందులా గడ్డి పెళ్లను పట్టుకుని ఉంటుంది, కొన్ని వేళ్లయినా తెగకుండా మిగులుతాయి. కొందరు చుట్టూ గుండ్రంగా కోసి పెళ్లను బయటికి తీస్తారు. తొందరగా అవుతుంది నిజమే, కానీ అలా తీసిన పెళ్లను ఆవులు, కాకులు సులువుగా లాగేస్తాయి. నాలుగు అంగుళాల లోతు తక్కువ కాకుండా కోయండి. వేళ్లకు మట్టి అంటి ఉంటేనే పచ్చిక మళ్లీ బతుకుతుంది. వానల్లేక నేల బీటలిచ్చిన రోజుల్లో పచ్చికలో అసలు తవ్వొద్దు, కోత అయిపోయిన పొలాలకు వెళ్లండి.

పెళ్లను తిప్పగానే ముందు దాన్నే పిన్‌పాయింటర్‌తో చూడండి. చాలాసార్లు వస్తువు అందులోనే ఉంటుంది. లేకపోతే చేతివేళ్లతో గుంటలోని మట్టి తీసి పట్టా మీద పోయండి. దొరికిన నాణేన్ని అక్కడే బొటనవేలితో రుద్దొద్దు. ఇసుక రేణువు ఒక్కటి చాలు, వందల ఏళ్ల నాటి బొమ్మ గీతలు పడిపోతుంది. మట్టంతా తిరిగి పోసి, పెళ్ల మూసి, కాలితో గట్టిగా తొక్కండి.

ఒకే చోట రెండో నాణెం, మూడో నాణెం వస్తుంటే తవ్వడం ఆపేయండి. 1992లో సఫోక్‌లోని హాక్స్‌న్ దగ్గర ఎరిక్ లాస్, రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతుంటే రోమన్ నిధి తగిలింది. ఆయన మొత్తం తవ్వేయకుండా అధికారులకు కబురు చేశాడు. పురావస్తువాళ్లు వచ్చి జాగ్రత్తగా తీశారు కాబట్టే అవన్నీ ఒక చెక్కపెట్టెలో ఎలా సర్ది ఉన్నాయో తెలిసింది. 300 ఏళ్లు దాటి, కనీసం 10 శాతం వెండి లేదా బంగారం ఉన్న నాణేలు ఒకేచోట రెండు దొరికినా 14 రోజుల్లో కరోనర్‌కు (ఇలాంటి నిధుల మీద విచారణ జరిపే స్థానిక అధికారికి) తెలపాలి. మీ ప్రాంతపు ఫైండ్స్ లియాజన్ ఆఫీసర్‌కు (దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారికి) చెబితే ఆ పని ఎలా చేయాలో చూపిస్తారు. దొరికిన చోటు గ్రిడ్ నంబరు (మ్యాపులో ఆ చోటును చూపే అంకెలు) అప్పటికప్పుడే రాసి పెట్టుకోండి, వాళ్లు మొదట అడిగేది అదే.