అరబ్బీ పేరులో మూడు హల్లులు పట్టుకోండి
విజయనగరం బాబామెట్టలో ఖాదర్ వలీ బాబా దర్గాకి అందరం వెళ్తాం గానీ ఆ పేరుకి అర్థమేంటో ఎప్పుడైనా అడిగారా? ఖాదర్ అంటే శక్తిమంతుడు, వలీ అంటే దేవుడికి దగ్గరివాడు.

అరబ్బీ పేరు కనబడితే ముందు అచ్చులు తీసేసి హల్లులు చూడండి. అహ్మద్, హమీద్, మహమూద్... చివరిదాంట్లో ముందున్న 'మ' అతికించింది, దాన్ని పక్కన పెడితే మూడింట్లోనూ మిగిలేది హ-మ-ద, అంటే పొగడ్త. ముహమ్మద్ కూడా ఇక్కడి నుంచే. సలీం, సల్మాలది స-ల-మ, క్షేమం (మనం పెట్టే సలాం కూడా అదే).

అబ్దుల్ దగ్గర మాత్రం ఆగండి, అది సగం పేరే. అబ్దుల్ రహీం అంటే దయామయుడి దాసుడు, మన రామదాసులాగ. మా వీధి కుర్రాణ్ణి ఏళ్ల తరబడి "ఒరే అబ్దుల్" అనే పిలిచాం, అంటే ఒట్టి "ఒరే దాసుడా" అన్నమాట!

పర్వీన్‌లో 'ప' ఉంది కదా, అరబ్బీలో ఆ శబ్దమే లేదు. అది పారశీ పేరు.