కీబోర్డు మీద జాజ్ సోలో, 6వ పాఠం: డి సెవెన్ చోట ఎ-ఫ్లాట్ సెవెన్

‘ఆటమ్ లీవ్స్’ పాట మొదటి బార్లలో (నాలుగేసి బీట్ల ముక్కల్లో) కార్డు స్వరాలు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులోవి మాత్రమే వాడి సోలో కట్టడం పోయిన పాఠంలో చూశాం. జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన ఈ బాణీని ఇ మైనర్‌లో వాయిస్తే ముందు వచ్చేవి ఎ మైనర్ సెవెన్, డి సెవెన్, జి మేజర్ సెవెన్. ఈసారి పనంతా మధ్యనున్న డి సెవెన్ మీదే.

డి సెవెన్‌కు ప్రాణం రెండు స్వరాలు: ఎఫ్-షార్ప్, సి. వాటి మధ్య దూరం సరిగ్గా 6 మెట్లు, అంటే స్థాయిలో సగం. ఎటునుంచి లెక్కపెట్టినా ఆరే. అందుకే ఆ జంట ఎ-ఫ్లాట్ సెవెన్‌లోనూ ఉంటుంది. డి సెవెన్ మీద ఎ-ఫ్లాట్ సెవెన్ స్వరాలు వాయించినా చెవి ఒప్పుకోవడానికి కారణం ఇదే.

ఏ స్కేలు వాడాలి? కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది తేలిక. ఎ-ఫ్లాట్ షడ్జంగా వాచస్పతి రాగం. లేదా ఇ-ఫ్లాట్ షడ్జంగా గౌరీమనోహరి. స్వరాలు అవే, షడ్జం మారుతుంది, గ్రహభేదం అంతే. అవే స్వరాలను డి నుంచి మొదలుపెడితే పంచమం ఉండదు కాబట్టి మేళకర్త (ఏడు స్వరాల మూలరాగం) కుదరదు. జాజ్‌వాళ్లు దాన్ని ఆల్టర్డ్ స్కేల్ అంటారు. ఒక్క మాట: శ్రుతి పెట్టె కట్టేయండి. కార్డులు మారే పాటలో అది అడ్డం.

ఇప్పుడు డి సెవెన్ బార్‌కు ఎనిమిది స్వరాలు. మొదటి రెండు బీట్లలో డి, ఎఫ్-షార్ప్, ఎ, సి. తర్వాతి రెండింటిలో ఇ-ఫ్లాట్, సి, ఎ-ఫ్లాట్, బి-ఫ్లాట్. తర్వాతి బార్ మొదటి దెబ్బకు బి. జి కార్డుకు అది అంతర గాంధారం. బి-ఫ్లాట్ నుంచి ఒక్క మెట్టు పైకెక్కి అక్కడ దిగడంలోనే రుచంతా ఉంది. మెట్రోనోమ్ 60లో పెట్టి, తడబడకుండా వచ్చేదాకా 80కి పోవద్దు.

టెన్షన్ స్వరాలు, అంటే ఎ-ఫ్లాట్ వైపు నుంచి తెచ్చి ఘాటు పుట్టించేవి, చివరి రెండు బీట్లకే ఎందుకు? ఎర్రకారం దోసె మీద పూస్తారు, పళ్లెమంతా కాదు. కడపలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో నేను ఉత్సాహంకొద్దీ బారంతా ఎ-ఫ్లాట్ మీదే ఉండిపోయి, బి మీద దిగడం మరిచిపోయాను. పక్కనున్న గిటారు తమ్ముడు “ఏమన్నా, పక్క మెట్టు నొక్కితివే?” అన్నాడు. తప్పు నాదే. అయితే ఆ రోజు అతను డి సెవెన్‌లో పంచమం ‘ఎ’ని గట్టిగా మీటుతున్నాడు, నా ఎ-ఫ్లాట్‌తో అది రాసుకుంది. ఇలాంటి సోలోకు ముందు తోడు వాయించేవాళ్లను డి, ఎఫ్-షార్ప్, సి మాత్రమే పట్టుకోమని చెప్పాలి.

వచ్చే పాఠానికి పని: ఇదే పాటలో బి సెవెన్ ఇ మైనర్‌కు వెళ్లేచోట ఎఫ్ సెవెన్ పెట్టండి. అక్కడ గౌరీమనోహరికి షడ్జం ఏదో మీరే తేల్చండి.