గ్లైడర్ పోటీలో టాస్క్ తేడా కొడితే ఎక్కడ వెతకాలి?

టాస్క్ (ఆ రోజు పైలట్లు తిరిగి రావాల్సిన దారి) వేసేవాళ్లు ముందు మ్యాప్ తెరుస్తారు. తెరవాల్సింది లాంచ్ లెక్క.

సమస్య: సగం మంది పొలాల్లో దిగారు

థర్మల్స్ (ఇంజిన్ లేని గ్లైడర్లను పైకి లేపే వేడిగాలి) చెప్పినట్టే వచ్చాయి, అయినా సాయంత్రానికి పొలాల్లో దిగినవాటిని తేవడానికి ట్రెయిలర్లన్నీ రోడ్డెక్కాయి. సమయాన్ని మొదటి టో (గ్లైడర్‌ను తాడుతో పైకి లాగడం) నుంచి లెక్కేసి ఉంటారు. 45 గ్లైడర్లు, వాటిని లాగే విమానాలు (టగ్‌లు) 6 అనుకుందాం. టగ్ ఒకదాన్ని లాగి, దిగి, మళ్లీ తాడు తగిలించుకోవడానికి 9 నిమిషాలైతే నిమిషంన్నరకో గ్లైడర్ లేస్తుంది. 12:00కి మొదలైతే చివరిది లేచేసరికి 1:08. మరో 20 నిమిషాలకు స్టార్ట్ (టాస్క్ మొదలుపెట్టే గీత) తెరుస్తారు. పైలట్లు వెంటనే కదలరు. ఎవరు ముందు వెళ్తారో చూస్తూ 2:00 దాకా అక్కడక్కడే తిరుగుతారు. థర్మల్స్ 5:30కి ఆగిపోతే మిగిలింది మూడున్నర గంటలు.

దాన్ని అందరికన్నా నెమ్మదిగా వెళ్లే గ్లైడర్ వేగంతో గుణించండి. గంటకు 75 కి.మీ. అయితే 262 వస్తుంది, 250 వేయండి. మధ్యాహ్నం నుంచి లెక్కేసినవాళ్లు 410 వేసి ఉంటారు!

సమస్య: అందరూ తిరిగొచ్చారు, గెలిచినవాళ్లకు 700 పాయింట్లే

టాస్క్ పొట్టిదైంది. ఎఫ్‌ఏఐ (అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య) 1000 పాయింట్ల పద్ధతిలో గెలిచినవాళ్లకు పట్టిన సమయాన్ని గంటల్లో 400తో గుణించి 200 తీసేస్తారు, దూరాన్ని కి.మీ.ల్లో 5తో గుణించి 250 తీసేస్తారు. ఈ రెంటిలో, 1000లో ఏది తక్కువైతే అదే ఆ రోజు గరిష్ఠం. రెండుంపావు గంటల్లో ముగిస్తే 700. పైన వేసిన 250 కి.మీ.ను గంటకు 95 చొప్పున తిరిగితే దాదాపు 850 వస్తుంది. ఆ రోజుకు అది చాలు. వెయ్యి కోసం సాగదీస్తే మళ్లీ పొలాలే. 100 కి.మీ. దాటినవాళ్లు 80 శాతానికి తగ్గితే ఇంకా కోత పడుతుంది.

సమస్య: ఏఏటీలో చాలామంది కనీస సమయానికి ముందే వచ్చేశారు

ఏఏటీ అంటే గీసిచ్చిన ప్రాంతాల్లో పైలట్ తనకు నచ్చిన చోట మలుపు తిరిగే టాస్క్, దానికో కనీస సమయం ఉంటుంది. ఇక్కడ ప్రాంతాలు చిన్నవి, దూరం పెంచుకునే చోటు లేదు. ముందొచ్చినా వేగాన్ని కనీస సమయంతోనే లెక్కిస్తారు కనుక నష్టం వాళ్లదే. 3 గంటల టాస్క్‌కి కనిష్ఠ దూరం సుమారు 180, గరిష్ఠం 330 కి.మీ. ఉండేలా వృత్తాలు గీయండి. గంటకు 60 వేగం వాళ్లూ 110 వేగం వాళ్లూ ఇద్దరూ ఇముడుతారు.

సమస్య: అందరికీ స్టార్ట్ పెనాల్టీ

పైలట్లను పిలిచే ముందు సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌జోన్ చూడండి. ఐజీసీ ఫైల్లో (గ్లైడర్ రికార్డర్ రాసే ప్రయాణ వివరాలు) సమయం స్థానికంగా కాక యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. జోన్ తప్పైతే అందరి స్టార్ట్ సమయమూ తప్పుగా కనిపిస్తుంది.

సమస్య: ఫినిష్‌లో ఎత్తు చాలలేదని ఫిర్యాదులు

రికార్డర్ పీడన ఎత్తును (గాలి పీడనం నుంచి లెక్కేసిన ఎత్తు) 1013.25 హెక్టాపాస్కల్ ఆధారంగా రాస్తుంది. ఆ రోజు క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసిన పీడనం) 1023 అయితే గ్లైడర్ నిజంగా దాదాపు 80 మీటర్లు పైనే ఉంది. సరిదిద్దకుండా వేసిన పెనాల్టీలన్నీ వెనక్కి తీసుకోవాల్సిందే.