లోబెడ్ మీద ప్రొక్లెయిన్ ఎక్కించాకే కొలవండి

2025 జూలై 9న గుజరాత్‌లో మహిసాగర్ నది మీది గంభీర వంతెన తెగి లారీలు నదిలో పడ్డాయి. మన మహారాష్ట్రలోనే 2016 ఆగస్టులో మహాడ్ దగ్గర సావిత్రి నది వంతెన వరదకు పోయింది. వానలు తగ్గి చంద్రపూర్ బొగ్గు గనులకు, సిరోంచ ఇసుక రేవులకు ప్రొక్లెయిన్లు (మట్టి తవ్వే మిషన్లు) లోబెడ్ల (నేలకు దగ్గరగా ఉండే పొడవాటి ట్రైలర్లు) మీద కదిలే రోజులివి. పర్మిట్, ఎర్రజెండా, పైలట్ బండి సంగతి మీకు తెలిసిందే, చెప్పను.

ఎత్తు

కొంపముంచేది ఒకటే తప్పు: ఎక్కించకముందు కొలవడం, లేదా కేటలాగులో అంకె చూసి బయల్దేరడం. 20 టన్నుల మిషన్ బూమ్ (బకెట్‌ను మోసే పొడవాటి చెయ్యి) మడిస్తే సుమారు 3 మీటర్లు, లోబెడ్ ప్లాట్‌ఫారం ఒక మీటరు, మొత్తం 4. కరెంటు లైనున్న రైల్వే గేటు దగ్గర హైట్‌గేజ్ (బండి ఎత్తుకు హద్దుగా పెట్టే అడ్డం) 4.67 మీటర్లు, అంటే 15 అడుగుల 4 అంగుళాలు. బోలెడు ఖాళీ ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ బకెట్‌ను సరిగా మడవకుండా దుంగ మీద ఆనిస్తే బూమ్ వంపు అర మీటరు పైకి లేస్తుంది, ఖాళీ జానెడు కూడా మిగలదు. కింద నిలబడ్డవాళ్ల కళ్లు క్యాబిన్ మీదే ఉంటాయి, తగిలేది మాత్రం ఆ వంపు. గొలుసులు బిగించాక, రోడ్డు నుంచి వంపు నెత్తిదాకా టేపు పట్టండి. దారిలో బూమ్ కదిపితే మళ్లీ పట్టండి. ఆ అంకె స్టీరింగ్ ఎదురుగా చాక్‌పీసుతో రాసిపెట్టండి.

అండర్‌బ్రిడ్జి బోర్డును గుడ్డిగా నమ్మొద్దు. బోర్డు పెట్టాక తారు మీద తారు వేసి ఉంటారు. కొన్ని బోర్డుల మీద అంకెలు మరాఠీలో ఉంటాయి, చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి.

వంతెన

బోర్డు మీద టన్నులు మొత్తం బండికి, మిషన్ ఒక్కదానికి కాదు. 20 టన్నుల మిషన్‌కు ట్రైలర్, ఇంజన్ బండి కలిస్తే 40కి దగ్గర పడుతుంది. ముందు దిగి రెయిలింగు వెంబడి ఓ కన్ను మూసి చూడండి. గీత ఎక్కడైనా కుంగి కనిపిస్తే, అక్కడ స్తంభం కిందకు దిగి ఉండొచ్చు. వరద తగ్గాక పునాది చుట్టూ ఇసుక కోసుకుపోతుంది, పైనుంచి అది కనపడదు.

మిగతావి

వంతెన మీద మనిషి నడక వేగం, నడిమధ్యన. బ్రేకు వేయొద్దు, గేరు మార్చొద్దు.
ఎదురుగా లారీ వస్తుంటే అది దిగేదాకా ఆగండి.
మిషన్ పైభాగం తిరగకుండా స్వింగ్ లాక్ వేయండి. బూమ్‌కు, బకెట్‌కు విడిగా గొలుసు.
ఇరవై కిలోమీటర్లకోసారి గొలుసు చూడండి, వదులవుతుంది.
రైల్వే గేటు దిబ్బ మీద లోబెడ్ పొట్ట ఆనుకుంటే కదల్లేదు. ముందే దిగి చూడండి. ఇరుక్కుంటే మొదట గేట్‌మన్‌కు చెప్పండి, తర్వాతే జాకీ.
టిప్పర్‌వాళ్లు పీటీఓ (తొట్టి లేపడానికి ఇంజన్ బలం ఇచ్చే గేరు) తీశారో లేదో చూసుకోండి, తొట్టి లేచి ఉండగానే బయల్దేరుతున్నారు.
క్లీనర్‌ను మిషన్ పైకి ఎక్కించి కర్రతో వైరు లేపించొద్దు. వెదురైనా, ఎండిందైనా సరే, లేపించొద్దు. రైలు లైనులో 25,000 వోల్టులు. లైనులో కరెంటు ఆపిస్తేనే కదలండి.
ఎక్కించాక కొలిచారా?
బూమ్‌కు వైరు తగిలితే క్యాబిన్‌లోనే ఉండండి. బండి అంటుకుంటే తప్ప దిగొద్దు. దిగక తప్పకపోతే బండిని పట్టుకోకుండా, రెండు కాళ్లూ కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ దూరం వెళ్లండి.