క్రౌన్ పినియన్ సెట్ చేసేటప్పుడు పళ్ల మీద మచ్చ చూడండి

పాత అంబాసిడర్ లాంటి బండి వెనక డిఫరెన్షియల్ (ఇంజను తిప్పుడును వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) మోత పెడుతోందని క్రౌన్ (అందులోని పెద్ద పళ్ల చక్రం) ఒక్కటో, పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) ఒక్కటో మార్చకండి. రెండూ ఫ్యాక్టరీలో జంటగా అరగదీసినవి. చాలావాటిపై జత నంబరు చెక్కి ఉంటుంది. మన గాజువాక ఆటోనగర్‌లో పాత సామాను కొంటుంటే ముందు ఆ నంబర్లు కలిశాయో లేదో చూడండి, బేరం తర్వాత.

బ్యాక్‌లాష్, అంటే రెండింటి పళ్ల మధ్య ఉండే సందు, చేత్తో కదిపి చూస్తే చాలదు, డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టాల్సిందే. క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల కొలవండి. చాలా కార్లకు సుమారు 0.13 నుంచి 0.20 మి.మీ. ఉంటుంది, అయినా మీ బండి మాన్యువల్ మాటే ఖాయం.

కొలత సరిపోయినా మోత రావచ్చు. అందుకే క్రౌన్ పళ్లు తుడిచి ప్రష్యన్ బ్లూ (పళ్లు ఎక్కడ తగులుతున్నాయో మచ్చగా చూపే నీలి రంగు) పల్చగా రాయండి. క్రౌన్‌ను చెక్కముక్కతో కాస్త అదిమి పట్టి పినియన్‌ను తిప్పండి. బండిని ముందుకు నడిపే ఉబ్బెత్తు వైపున మచ్చ పంటి నడిమికి రావాలి. పంటి పై కొసన పడితే పినియన్‌ను లోపలికి, క్రౌన్ వైపు జరపాలి, అంటే చాలా బండ్లలో పినియన్ తల వెనక షిమ్ (పల్చటి లోహపు వాషరు) మందం పెంచాలి. పంటి అడుగున, మొదట్లో పడితే తగ్గించాలి. మచ్చ క్రౌన్ లోపలి అంచుకు పోతే క్రౌన్‌ను పినియన్‌కు కాస్త దూరం, బయటి అంచుకు పోతే కాస్త దగ్గర జరపాలి. షిమ్ మార్చిన ప్రతిసారీ బ్యాక్‌లాష్ మళ్లీ కొలవాలి, విసుగే కానీ తప్పదు.

పని మధ్యలో ఆపితే పళ్లకు నూనె రాసి కప్పేయండి, విశాఖ సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది.