తుప్పు పట్టించే తూటాలు కాల్చే రోజున రైఫిల్‌కు తీసుకోవలసిన జాగ్రత్తలు

పాత సైనిక నిల్వల తూటాలతో సాధన చేయబోయేవారు తూటాల పెట్టె తెరవడానికి ముందే శుభ్రం చేసే ఏర్పాటంతా సిద్ధం చేసుకోవాలి. ఆ తూటాలలో చాలావాటి ప్రైమర్‌లో, అంటే తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న బిళ్లలో, పొటాషియం క్లోరేట్ ఉంటుంది. ఫైరింగ్ పిన్ దెబ్బకు ప్రైమర్ మండినప్పుడు ఆ క్లోరేట్ ఆక్సిజన్‌ను వదిలి పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. ఈ లవణం స్వభావంలో వంట ఉప్పుకు చాలా దగ్గరగా ఉంటుంది. బారెల్ లోపల, తూటా కూర్చునే ఛాంబర్‌లో, ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్ట్ ముఖం మీద కంటికి కనిపించని పొరగా అంటుకొని, గాలిలోని తేమను లాక్కొని, ఉక్కును తినడం మొదలుపెడుతుంది. 25 డిగ్రీల వేడి దగ్గర గాలిలో తేమ సుమారు 84 శాతం దాటితే ఈ లవణం తనంతట తానే కరిగి ఉప్పునీరు అవుతుంది, అంతకన్నా తక్కువ తేమలో కూడా దాని కింద ఉక్కు చెడుతూనే ఉంటుంది. వానాకాలంలోనూ సముద్రతీరంలోనూ ఒక్క రాత్రి నిర్లక్ష్యం చేసినా బోర్‌లో (బారెల్ లోపలి రంధ్రంలో) ఎర్రటి మచ్చలు కనిపించడానికి కారణం ఇదే.

ఈ తుప్పుకు తూటాలోని మందే కారణమని చాలాకాలం భావించారు, అందుకే బారెల్‌కు నూనె బాగా పట్టిస్తే చాలుననుకున్నారు. అయితే పొటాషియం క్లోరైడ్ నూనెలో కరగదు. కిరోసిన్ వంటి పెట్రోలియం ద్రావకాలలోనూ కరగదు. లవణాన్ని తీయకుండా పైన నూనె రాస్తే, నూనె పొర కింద లవణం భద్రంగా ఉండి, ఆ పొరను దాటి మెల్లగా చేరే తేమతో తన పని తాను చేసుకుపోతుంది. దాన్ని కరిగించి బయటికి తీసుకుపోగలిగేది నీరే. తక్కిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉన్నాయి: ముందు నీరు, తరువాత పూర్తిగా ఆరబెట్టడం, ఆ తరువాతే ద్రావకమూ నూనే.

ఏ తూటాలు ఈ కోవకు వస్తాయో తెలుసుకోవడం తేలిక కాదు. 1920లలో జర్మనీలో సినాక్సిడ్, అమెరికాలో రెమింగ్టన్ క్లీన్‌బోర్ పేర్లతో క్లోరేట్ లేని ప్రైమర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. కానీ సైన్యాలు చాలాకాలం పాత మిశ్రమాన్నే నమ్ముకున్నాయి, ఎందుకంటే ఏళ్ల తరబడి నిల్వ ఉన్నా అది పేలుతుందన్న భరోసా వాటికి ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా ఎం1 కార్బైన్ తూటాలు మొదటి నుంచీ తుప్పు పట్టించని రకంగానే తయారు కాగా, అదే సైన్యం వాడిన .30-06 తూటాలలో అధికభాగం తుప్పు పట్టించేవే. సోవియట్ యూనియన్, తూర్పు ఐరోపా దేశాల నిల్వల నుంచి వచ్చే 7.62×54ఆర్, 7.62×39, 5.45×39 తూటాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెట్టె మీద ‘తుప్పు పట్టించదు’ అని రాసి ఉన్నా, సైనిక నిల్వల సరుకైతే ఆ మాటను నమ్మకపోవడమే మేలు. అనుమానం వచ్చిన ప్రతి తూటానూ తుప్పు పట్టించేదిగానే లెక్కించాలి. అలా లెక్కించినందువల్ల అయ్యే ఖర్చు కొంత నీరు, కొంత సమయం మాత్రమే. లెక్కించకపోతే పోయేది బారెల్.

బయలుదేరే ముందు రెండు పనులు తప్పక చేయాలి. మొదటిది, నిల్వ ఉంచిన రైఫిల్ బోర్‌లోనూ ఛాంబర్‌లోనూ ఉన్న గట్టి గ్రీజును, అదనపు నూనెను పొడి గుడ్డముక్కలతో పూర్తిగా తీసివేయడం. బారెల్‌లో గ్రీజు మిగిలి ఉండగా కాలిస్తే లోపలి పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు. రెండవది, ఆ రైఫిల్‌ను విడదీసే, తిరిగి బిగించే పద్ధతిని ఇంట్లోనే తొందర లేకుండా ఒకసారి చేసి చూసుకోవడం. కొన్ని రైఫిళ్లలో తూటా వాయువు తోసే గ్యాస్ పిస్టన్‌ను ఎలా బయటికి తీయాలో తెలియనివారు, అలసిపోయి తిరిగివచ్చిన సాయంత్రం దాన్ని శుభ్రం చేయకుండానే వదిలేసే ప్రమాదం ఉంది. శుభ్రం చేసే సామాను విషయానికి వస్తే, సరైన కొలత ఉన్న క్లీనింగ్ రాడ్, కాంస్యపు బ్రష్, తగినన్ని గుడ్డముక్కలు, ఛాంబర్‌లోకి నీరు పోయడానికి సన్నని గొట్టం అమర్చిన గరాటు, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉంటే చాలు. వీటితోపాటు కాల్చే చోటికి ఒక సీసా నీరు తీసుకువెళ్లడం మంచిది. కాల్చడం ముగిసి, ఆయుధం ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక, అక్కడే తడి గుడ్డముక్కలను బోర్‌లో రెండు మూడు సార్లు నడిపి, వెంటనే పొడి ముక్కతో తుడిచి, పలుచగా నూనె రాస్తే ఇంటికి చేరేవరకు లవణం చేసే హాని బాగా తగ్గుతుంది. ఇది తాత్కాలిక రక్షణ మాత్రమే గనుక, అసలు శుభ్రం చేయడం ఆ రోజే జరగాలి.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్‌ను తీసి, బోల్ట్ తెరిచి, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తాకి, తూటా లేదని రెండు విధాలా రూఢి చేసుకోవాలి. తూటాలను ఆ గదిలో ఉంచకూడదు. ప్రైమర్ మసిలో సీసం, యాంటిమొనీ వంటి విషపదార్థాలు ఉంటాయి. కొన్ని చాలా పాత తూటాల మసిలో పాదరసం కూడా ఉండవచ్చు. అందువల్ల వంటగదిలోనూ, భోజనం బల్ల మీదా, పిల్లల దగ్గరా ఈ పని చేయకూడదు. గాలి బాగా ఆడే చోట తొడుగులు వేసుకొని చేయాలి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

బోల్ట్‌ను ప్రతిసారీ చేత్తో నడిపే బోల్ట్ యాక్షన్ రైఫిల్ అయితే బోల్ట్‌ను తీసివేసి, బారెల్ మూతి కిందికి ఉండేలా బకెట్‌లో నిలబెట్టి, గరాటు ద్వారా ఛాంబర్ వైపు నుంచి అర లీటరు నుంచి లీటరు వరకు వేడినీరు మెల్లగా పోయాలి. బ్రిటిష్ సైనికులు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల విషయంలో పాటించిన పద్ధతి ఇదే, ఇందుకోసం ప్రత్యేకమైన గరాటు కూడా ఉండేది. లవణాన్ని కరిగించడానికి చన్నీళ్లు కూడా సరిపోతాయి. 20 డిగ్రీల వద్ద 100 మిల్లీలీటర్ల నీరు సుమారు 34 గ్రాముల పొటాషియం క్లోరైడ్‌ను కరిగించుకుంటుంది, ఒక్కొక్క ప్రైమర్ వదిలే లవణం మాత్రం గ్రాములో అతి చిన్న భాగం. వేడినీటి అసలు మేలు వేరే ఉంది: అది ఉక్కును వేడెక్కించడం వల్ల లోపల మిగిలిన తడి త్వరగా ఆవిరైపోతుంది. మరిగే నీరు పోసినప్పుడు బారెల్ చేయి కాలేంత వేడెక్కుతుంది కనుక మందమైన గుడ్డతోగాని కర్రభాగంతోగాని పట్టుకోవాలి. కర్రకూ బారెల్‌కూ మధ్య నీరు చేరకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. వీలైతే బారెల్‌ను కర్ర నుంచి విడదీసి కడగడం ఉత్తమం, లేకపోతే బోర్‌ను కాపాడుకున్నామన్న తృప్తిలో ఉండగానే బారెల్ అడుగుభాగం కనబడకుండా తుప్పు పడుతుంది.

ఎస్‌కేఎస్, కలష్నికోవ్ తరహా రైఫిళ్లలో పని మరింత ఎక్కువ. తూటా పేలినప్పుడు వాయువులో కొంత భాగం బారెల్‌లోని రంధ్రం గుండా గ్యాస్ బ్లాక్‌లోకి, అక్కడి నుంచి పిస్టన్ మీదికి వెళుతుంది. లవణం కూడా దాని వెంట వెళుతుంది. బోర్‌ను మాత్రమే కడిగి ఊరుకుంటే గ్యాస్ గొట్టమూ పిస్టన్ తలా లోలోపల తుప్పు పట్టి, కొంతకాలానికి రైఫిల్ సరిగా పనిచేయడం మానేస్తుంది. ఈ రైఫిళ్లు చాలావాటికి బోర్‌లో క్రోమియం పూత ఉంటుంది, దాన్ని చూసుకొని కొందరు కడగడమే మానేస్తారు. ఇది తప్పు. పూత ఉక్కును కొంత కాపాడుతుంది గాని, దానిలో సూక్ష్మమైన పగుళ్లు ఉంటాయి, గ్యాస్ రంధ్రం అంచుకూ బోల్ట్ ముఖానికీ పిస్టన్‌కూ ఆ రక్షణ ఉన్నదని అనుకోవడానికి వీలులేదు. బారెల్, గ్యాస్ బ్లాక్, గ్యాస్ గొట్టం, పిస్టన్, బోల్ట్ క్యారియర్, బోల్ట్ ముఖం, కాల్చిన గుల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కింది సందు, ఫైరింగ్ పిన్ కొన, వెనక్కి తన్నే దెబ్బను తగ్గించడానికి మూతి దగ్గర బిగించిన బ్రేక్ ఉంటే దాని లోపలి భాగం, ఇవన్నీ నీరు తాకవలసినవే.

అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవం ఈ లవణాన్ని ‘విరుస్తుంది’, అంటే తటస్థం చేస్తుంది అన్న నమ్మకం చాలామందిలో ఉంది. పొటాషియం క్లోరైడ్ ఆమ్లం కాదు గనుక దాన్ని విరవడం అన్న ప్రశ్నే లేదు. ఆ ద్రవంలో లవణాన్ని కడిగివేసేది అధికభాగంగా ఉన్న నీరే. అమ్మోనియా తూటాలు బారెల్‌లో వదిలే రాగిమసిని కరిగించడానికి పనికొస్తుంది, అందుకే అది కాంస్యపు బ్రష్‌ను కూడా తినేస్తుంది. దాన్ని ఎప్పుడూ బ్లీచ్‌తో కలపకూడదు, ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది. నీటిలో పాలలా కలిసిపోయే బాలిస్టాల్ వంటి నూనెను పది పాళ్ల నీటికి ఒక పాలు చొప్పున కలిపి వాడే పద్ధతి మంచిదే, అందులో కూడా పని చేసేది ముఖ్యంగా నీరే.

కడిగాక పొడి గుడ్డముక్కలను అవి పొడిగానే బయటికి వచ్చేవరకు నడపాలి. గ్యాస్ రంధ్రంలో, బోల్ట్ లోపల నిలిచిన నీటిని గాలితో ఊది లేదా వెచ్చని చోట ఆరబెట్టి తీసివేయాలి. ఆ తరువాతే మామూలు ద్రావకంతో మసినీ రాగినీ శుభ్రం చేయాలి. రాడ్‌ను వీలైనంతవరకు ఛాంబర్ వైపు నుంచే నడపాలి. మూతి వైపు నుంచి నడపక తప్పనప్పుడు, మూతి అంచు అరగకుండా రాడ్‌ను మధ్యలో నిలిపే గైడ్ వాడాలి, ఆ అంచు చెడితే గురి చెడుతుంది. మందంగా పేరుకున్న మసి, రాగి పొరల కింద కొంత లవణం దాగి ఉండవచ్చు కాబట్టి, వాటిని తీసిన తరువాత మరొక తడి గుడ్డముక్కను నడిపి, మళ్లీ ఆరబెట్టడం వృథా శ్రమ కాదు. చివరగా అన్ని ఉక్కు భాగాలకూ పలుచగా నూనె రాయాలి.

పాత సైనిక నియమాలు కాల్చిన రోజు తరువాత వరుసగా మూడు రోజులు బోర్‌ను శుభ్రం చేయమని చెప్పేవి. నీటితో బాగా కడిగిన రైఫిల్‌కు అంత శ్రమ అవసరం లేకపోయినా, మరునాడు, వారం తరువాత ఒక తెల్లని గుడ్డముక్కను నడిపి చూడడం తప్పనిసరి. ముక్క మీద ఎర్రని లేదా గోధుమరంగు మరక కనిపిస్తే కడగడం మొదటి నుంచి మళ్లీ చేయాలి. ఇలా పరీక్షించే ఆ కొద్ది రోజుల్లో రైఫిల్‌ను స్పాంజి పెట్టెలోగాని తోలు సంచిలోగాని మూసి ఉంచకూడదు, అవి తేమను పట్టి ఉంచుతాయి. మళ్లీ కాల్చడానికి తీసుకువెళ్లే ముందు బోర్‌లోని నూనెను పొడి ముక్కతో తుడిచి, లోపల గుడ్డముక్క ఏదీ మిగిలిపోలేదని, బోల్ట్ తెరిచి వెలుతురు వైపు పట్టి చూడాలి.