కోరింగ మడ అడవులను ఉపగ్రహ చిత్రాలతో గమనించే పద్ధతి

కాకినాడకు దక్షిణాన గోదావరి ముఖద్వారంలో విస్తరించిన కోరింగ మడ అడవుల్లో వచ్చే మార్పులను గుర్తించడానికి 2015 నుంచి ఉచితంగా లభిస్తున్న సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు బాగా ఉపయోగపడతాయి.

చిత్రాలను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. మబ్బులు తక్కువగా ఉండే జనవరి, ఫిబ్రవరి నెలల చిత్రాలను తీసుకొని, ఉపగ్రహం ఆ తీరం మీదుగా సాగే ఉదయం పదిన్నర ప్రాంతంలో సముద్రం ఆటులో ఉందో పోటులో ఉందో ఆటుపోట్ల పట్టికలో తప్పక చూడాలి. పోటు నీరు కురచ మొక్కలను ముంచినప్పుడు, ఆ నీరు పరారుణ కాంతిని పీల్చుకోవడం వల్ల, నిండుగా ఎదుగుతున్న మడ కూడా చిత్రంలో క్షీణించినట్లే కనిపిస్తుంది. అందువల్ల ఒక ఏడాది ఆటు వేళ తీసిన చిత్రాన్ని మరో ఏడాది పోటు వేళ తీసిన దానితో పోల్చి అడవి తగ్గిందని తేల్చడం ఆ అడవికి అన్యాయం చేయడమే.

ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని ఒక్కో బ్యాండుగా విడివిడిగా నమోదు చేస్తుంది. తర్వాత 8వ (పరారుణ), 4వ (ఎరుపు) బ్యాండ్ల విలువల భేదాన్ని వాటి మొత్తంతో భాగించి, పచ్చదనాన్ని తెలిపే వృక్ష సూచికను లెక్కించాలి. తీరంలోని సరుగుడు తోటలు కూడా ఈ సూచికలో పచ్చగానే కనిపిస్తాయి కాబట్టి, నేల తడిని పట్టించే 11వ బ్యాండును జత చేయాలి. అయితే దానిలో ఒక్కో చుక్క 20 మీటర్ల మేర నేలను కలిపి చూపుతుంది కనుక, సన్నని కాలువల అంచుల్లో ఆ ఫలితాన్ని నమ్మకూడదు. రొయ్యల చెరువులను వాటి తిన్నని గట్లే పట్టిస్తాయి.

అనుమానం మిగిలిన చోట్లకు పడవలో వెళ్లి, అక్కడున్నది తెల్లమడ చెట్టో, తిల్ల చెట్టో, ఉప్పు పేరుకున్న ఖాళీ నేలో జీపీఎస్ గుర్తులతో సహా నమోదు చేయాలి.